స్థపతిగారు ఎండలో చెప్పిన మాట

పెదకోట రాజుగారికి ఉన్నట్టుండి ఓ సరదా పుట్టింది. "నా ఏనుగు ఒళ్లు రుద్దుకున్నా కూలని కమాను ఎవరు కడతారో, వాళ్లే కొత్త కోటకు పెద్ద మేస్త్రీ!" అన్నాడు.

ఏనుగుకేం, పండగే. వరసగా రుద్దుకుంటూ పోయింది. కమానులన్నీ కూలాయి. అందరికన్నా ముందు కూలింది ప్రధాన స్థపతి భద్రప్ప బావమరిదిది. నిలిచింది ఒక్క పోలమ్మది.

పోలమ్మ సున్నం తట్టలు మోసే కూలీ. మేస్త్రీలు మధ్యాహ్నం గుర్రుపెట్టే వేళ తాపీ పట్టడం నేర్చుకుంది. ఈ మేస్త్రీపని దక్కకపోతే బతుకంతా ఆ తట్టే గతి.

కొలువులో రాజు పెద్ద మేస్త్రీకి తొడిగే బంగారు కంకణం పళ్లెంలోంచి తీశాడో లేదో, భద్రప్ప అడ్డంపడ్డాడు.

"వద్దు ప్రభూ! ఆడదాని చెయ్యి పడ్డ కట్టడం నిలవదు. ఎప్పుడో ఒకప్పుడు నెత్తిన పడుతుంది!"

రాజుకు ప్రాణభయం జాస్తి. కంకణం మళ్లీ పళ్లెంలోకి పోయింది. పోలమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

రాజు పక్కనే తాంబూలం పెట్టె పట్టుకున్న చిన్నాంబకు ఒళ్లు మండింది. పెట్టె దభీమని కింద పడేసి కేకపెట్టింది.

"అయ్యో, ప్రభూ! పరుగెత్తండి!"

రాజు చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది. రాజు పరుగెత్తితే కొలువు ఆగుతుందా? మంత్రి, సేనాపతి, పురోహితుడు, అంతా తలపాగాలు పట్టుకుని మిట్టమధ్యాహ్నపు ఎండలో పడ్డారు.

"ఏమైందే?" రాజు రొప్పుతున్నాడు.

"మన కొలువుకూటం మిద్దె మీద సున్నాన్ని దిమ్మిసతో గట్టిపడేలా కొట్టింది ఎవరు ప్రభూ? ఆడవాళ్లే! ఇన్నాళ్లూ మీ నెత్తిన ఉన్నదంతా ఆడవాళ్ల చేతి పనే. స్థపతిగారు పుణ్యాత్ములు, ఇవాళైనా చెప్పారు!"

"అది కూలిపని! తాపీపని వేరు!" భద్రప్ప గింజుకున్నాడు.

"ఏ చేతికి ఎంత కూలిచ్చారో మిద్దెకెలా తెలుస్తుందండీ?"

నేల పెనంలా కాలుతోంది. చెప్పులు లోపలే ఉండిపోయాయి. రాజు ఒంటికాలి మీద గెంతుతూ అరిచాడు. "భద్రప్పా! నేను లోపలికి పోవచ్చా, లేదా? పోకూడదంటే ఈ కూటం కట్టించిన నీ తల ఎగిరిపోతుంది!"

భద్రప్ప తల తడుముకున్నాడు. "పోవచ్చు ప్రభూ! నిక్షేపంగా పోవచ్చు!"

"ఆడవాళ్ల చెయ్యి పడిందిగా?" అన్నాడు రాజు.

"పడితేనేం ప్రభూ! వెయ్యేళ్లు నిలుస్తుంది!"

చిన్నాంబ చెయ్యి చాపింది.

"విన్నారుగా ప్రభూ. ఆ కంకణం తెప్పించి ఇలా ఇవ్వండి, పోలమ్మ చేతికి నేను తొడుగుతాను."

రాజు గెంతడం మానేసి పొట్ట పట్టుకుని నవ్వాడు. కొలువంతా ఘొల్లుమంది. "నీకేం కావాలో కోరుకోవే!" అన్నాడు.

"పని దగ్గర ఆడకూలీలకు ఓ మరుగుదొడ్డి, పసిపిల్లల ఉయ్యాలలకు ఓ నీడపందిరి ప్రభూ. రెండూ స్థపతిగారే స్వయంగా కట్టాలి."

"కట్టిస్తా. మేస్త్రీ ఎవరు?"

కంకణం చేతికెక్కిన పోలమ్మ అప్పటికే కొంగు బిగించింది.

"భద్రప్పగారూ, ఆ సున్నం తట్ట ఇలా అందుకోండి."