టేకు చేప ముల్లు

నూకయ్య గారు ఒడ్డు మీద అడిగిన ప్రశ్నకు ఒడ్డు మీద జవాబు చెప్పేవారు కారు. నీళ్లలోకి దిగాక చూద్దాం బాబూ, అనడం ఆయన అలవాటు. శ్రీకాకుళం తీరం నుంచి వలలతో అండమాను చేరిన జాలరి కుటుంబంలో పుట్టి, యాభై ఏళ్లు ఆ సముద్రంతో కాపురం చేసి, ముసలితనంలో ఈక గాలం నేర్పే గురువైనారు. కొక్కేనికి కోడి ఈకలూ పట్టుదారమూ చుట్టి, చూసే చేపకు బతికున్న రొయ్య అనిపించేలా నీటి మీదికి విసరడం ఆ విద్య. ఇంగ్లీషు పుస్తకాలు చదివి వచ్చిన జగ్గరాజు దాన్ని ఈగ అనేవాడు. ఈగైతే దానంతటదే ఎగిరేది, ఈక కాబట్టే తమరి చెయ్యి నొప్పెడుతోంది, అని గురువు నవ్వేవారు.

జగ్గరాజు ఈ దీవుల్లోనే రేవు కట్టడాల ఇంజనీరుగా పనిచేసి విరమించినవాడు. ఆ ఉదయం పడవ ఎక్కబోతూ అతను అడిగినది చేపల సంగతి కాదు. పదకొండేళ్ల కిందట, ఓడలు ఆగే, బీటలు వారిన వార్ఫు మీద సరుకు దించవద్దని జోగినాయుడు మేస్త్రీ మొత్తుకున్నా వినక, దించమని ఉత్తరువు ఇచ్చింది జగ్గరాజే. పలక కూలింది. జోగినాయుడి కుడికాలు మోకాటి కిందికి పోయింది. విచారణ కాగితాల్లో మాత్రం తప్పు మేస్త్రీ అజాగ్రత్తదని రాసి, జగ్గరాజు సంతకం చేశాడు.

ఉద్యోగం దిగాక ఆ సంతకం అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. నెల కిందట పూలదండ, శాలువా, ఇద్దరు పాత గుమాస్తాలు, నాలుగు పేజీల క్షమాపణ వెంటబెట్టుకుని, చెప్పాపెట్టకుండా ఎదుటి దీవిలో జోగినాయుడి పాక ముందు నిలబడ్డాడు. జోగినాయుడు నాలుగు పేజీలూ ఓపిగ్గా విన్నాడు. విని, "దండ దేనికి వేస్తావు రాజుగారూ, ఉన్న కాలికా, ఈ కర్రకా?" అన్నాడు. గుమాస్తాలు మొహాలు తిప్పుకుని నవ్వుకున్నారు. జగ్గరాజు శాలువా మడత విప్పకుండానే తిరిగి వచ్చాడు. ఇప్పుడు శనివారం ఓడకు అతని ప్రయాణం. మళ్లీ ఈ దీవులకు వచ్చే వయసు కాదు.

"తప్పు ఒప్పుకోవడానికి వెళ్లినవాణ్ణి పొడిచి పంపాడు. అటువంటివాడి గడప మళ్లీ తొక్కాలా, గురువుగారూ?"

"తొక్కే సంగతి నీళ్లలో చూద్దాం బాబూ," అని నూకయ్య గారు పడవ నెట్టారు.

దీవులకు నడుమ ఉన్న ఇసక మెరక చేరేసరికి ఆటు ముగిసి పోటు మొదలవుతోంది. మోకాటిలోతు నీరు నేల మీద పరిచిన వెలుగులా ఉంది. ఎక్కడ నీరు ఆగి ఎక్కడ ఆకాశం మొదలైందో గీత కనబడలేదు. వాళ్లిద్దరూ నడుస్తున్నారో, మెరకే వాళ్ల కిందనుంచి మెల్లగా జరిగిపోతోందో చెప్పడం కష్టం. చేపల ఒంటికి రంగు లేదు; వాటి నీడలు మాత్రం, ఎవరో తలుచుకుని మరిచిపోయిన మాటల్లా, ఇసక మీద పోతున్నాయి.

అక్కడ అడుగు ఎత్తకూడదు, ఈడ్చాలి. మొదటిరోజు పాఠమే అది. ఇసక కప్పుకుని టేకు చేపలు పడుకుంటాయి: పళ్లెంలా పరుచుకున్న ఒళ్లు, కొరడాలాంటి తోక, తోక మొదట్లో రంపపు ముల్లు. పైన కాలు పడితే పొడుస్తాయి, అలికిడి ముందే తెలిస్తే తప్పుకుంటాయి.

ఇంతలో నలభై అడుగుల దూరాన ఒక టేకు చేప ఇసక రేపుతూ పోతోంది. దాని వీపు మీదుగా, అది లేపిన పీతల కోసం, వెండి పలకలాంటి పెద్ద పార చేప ఈదుతోంది. పది రోజులుగా జగ్గరాజు కలలోకి వస్తున్న చేప. అతను పాఠం మరిచాడు. మోకాళ్లు ఎత్తి గబగబా మూడు అంగలు వేశాడు. మూడో అంగ కింద ఇసక లేచింది. తోక ఝళిపించిన చప్పుడు, తెల్లటి బురద, ఆ పైన ఖాళీ నీరు. ముల్లు రబ్బరు బూటు అంచున దిగి, చర్మానికి వెంట్రుకవాసిలో ఆగింది.

జగ్గరాజు ఆ చేపను దాని వంశంతో సహా తిట్టాడు. నూకయ్య గారు వంగి ముల్లు ఊడబెరికి, అరచేతిలో పెట్టుకుని ఇటూ అటూ తిప్పి చూశారు.

"దీనికి తమరి మీద ఏం పగ బాబూ?"

జగ్గరాజు బూటు అంచున ముల్లు చేసిన చిల్లును వేలితో తడిమాడు.

మళ్లీ నడిచారు. ఈసారి అతను పాదాలు ఈడ్చాడు. ప్రతి అడుగూ ముందుగా తన రాకను ఇసకకు చెప్పుకుని, ఆ తరువాతే సాగింది. పోటు నీరు తొడలకు ఎక్కుతుండగా పాదాల ముందు ఇసక మెల్లగా కదిలింది. పెద్ద టేకు చేప ఒకటి బెదరకుండా లేచి, ఒక మూరెడు పక్కకు జరిగి, తోవ ఇచ్చి, మళ్లీ ఇసక కప్పుకుంది. దాని వెనకే వచ్చిన పార చేప అతని మోకాటికి జానెడు దూరంలో ఆగి, గుండ్రటి కన్నుతో ఒకసారి చూసి వెళ్లింది. గాలం విసరడం అతను మరిచాడో, మానాడో, అతనికే తెలియదు.

పడవలోకి ఎక్కాక అతను, విడిదికి కాదు, ఎదుటి దీవికి పోనిమ్మన్నాడు. నూకయ్య గారు పడవ మళ్లించారు.

పాక కనబడుతోంది. చూరు కింద ఒక మనిషి కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఒడ్డు ఇంకా ఇరవై గజాలు ఉండగానే జగ్గరాజు గాలం కర్ర పడవలో పెట్టాడు. జేబులో నానిపోయిన ఆ క్షమాపణ నాలుగు పేజీలూ తీసి దాని పక్కనే పెట్టాడు. నీళ్లలోకి దిగి, పాదాలు ఈడ్చుకుంటూ సాగాడు. ఆ చప్పుడుకు చూరు కింద మనిషి తల ఎత్తాడు. లేవలేదు, లోపలికీ పోలేదు.

నీళ్లు అయిపోయాయి. పొడినేల తగలగానే, పాత అలవాటు చొప్పున, జగ్గరాజు వెన్ను నిటారు చేసి అడుగు ఎత్తబోయాడు.

"బాబూ," అన్నారు వెనక పడవలోంచి నూకయ్య గారు, "గట్టు మీదా ఇసకే."