మూత మీద టీ

"మేస్త్రిగారూ, మాల్లో నీళ్ళు కాస్త ఎక్కువైతే ఏటవుద్దండి?" అని తవిటయ్య అడిగాడు. మాలంటే సిమెంటూ ఇసకా కంకరా కలిపిన ముద్ద.

అడగడం తప్పు కాదు. ఇల్లు కట్టుకునేవాడు ప్రతివాడూ అడిగేదే. బొబ్బిలి రోడ్డులో నాకు సెంట్రింగు సామాను అద్దెకిచ్చే కొట్టుంది. రేకులకనీ, స్లాబు కింద ఆనించే సరుగుడు పోట్లకనీ వచ్చిన ప్రతి మనిషీ ఈ ప్రశ్నలే మోసుకొస్తాడు. ఏ సిమెంటు మంచిది, ఏటి ఇసకా రోబో ఇసకా, ఇటుకని నీళ్ళలో ఎందుకు నానబెట్టడం, స్లాబుకి ఎన్నాళ్ళు నీళ్ళు పట్టడం. చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది గాని వాళ్ళ ప్రశ్నలు పడిపోలేదు. అయినా వాళ్ళు నయం. ఒకసారి అడిగి వెళ్ళిపోతారు. తవిటయ్య అలా కాదు. జవాబు రాకపోతే అదే ప్రశ్నకి చొక్కా మార్చి మళ్ళీ తీసుకొస్తాడు.

ఈ తవిటయ్య గౌరునాయుడు మేస్త్రి దగ్గర తాపీ పట్టి పైకొచ్చినవాడు. ఇద్దరు పిల్లల తండ్రి. పనిలో చెయ్యి మంచిది. మేస్త్రి అంతటివాడు మా చుట్టుపక్కల లేడు, కాకపోతే ప్రశ్నకి జవాబు చెప్పే అలవాటు ఆయనకి లేదు. "చెప్తే చెవిలో పడుద్ది, చేతిలో పడదు" అంటాడు. దాని బదులు ఆయనకో పద్ధతుంది. సెప్టిక్ ట్యాంకు మూత ఎవడు పోస్తే వాడే, ఇంటివాళ్ళు చూస్తుండగా, ఆ మూత మీద కుర్చీ వేసుకుని కూచుని టీ తాగాలి. స్లాబు వేసే రోజున అందరూ చూస్తారు. కొబ్బరికాయ కొడతారు, ఇంజనీరు వస్తాడు, ఇంటాయన కూలీలందరికీ బిర్యానీ పెడతాడు. మూత పోసే రోజున చూసేవాడెవడు? మిగిలిన కంకరా మిగిలిన ఊచముక్కలూ పడేసి చేతులు కడుక్కుంటారు. అందుకని మేస్త్రి పరీక్ష ఎప్పుడూ మూత దగ్గరే.

ఈసారి ఆ టీ మామూలు టీ కాదు. రామభద్రపురం అవతల ఒక ఇంటిపని తవిటయ్యకి సొంతంగా దొరికింది, తనే మేస్త్రిగా. మీ గురువు సరేనంటే మంచిరోజు చూసి ముగ్గు పోసేద్దాం అన్నారు ఆ ఇంటివాళ్ళు. గురువు సరే అనలేదు, కాదూ అనలేదు. "ఇప్పుడు కడుతున్న ఈ ఇంటి మూత నువ్వు పొయ్యి. దాని మీద టీ తాగు. తాగిన రోజే వెళ్ళు" అన్నాడు.

మూత పోసిన రోజున మేస్త్రి కళ్ళ పరీక్షకి విజయనగరం వెళ్ళాడు. కలిపిన మాలు బిగువుగా ఉంది. గమేలాల్లో మాలు మోసే ఆడవాళ్ళు చేతులు లాగేస్తున్నాయన్నారు. దాన్ని తాపీతో కుక్కి సర్దాలంటే నడుం విరుగుతుంది. తవిటయ్య అటూ ఇటూ చూసి ఇంకో బకెట్టు నీళ్ళు పోశాడు. ఇంకేముంది, మాలు సాంబారులా జారి దానంతటదే అచ్చంతా సర్దుకుంది. పైన అద్దంలా నున్నగా వచ్చింది. చూసుకుని మురిసిపోయాడు కూడాను. మర్నాటికి ఆరినట్టు కనిపిస్తే, గట్టిపడిపోయింది కదా అని దాని మీది తడి గోనెలు తీసి వేరేచోటికి పట్టుకుపోయాడు. ఇదంతా నాకు తరవాత తెలిసింది గాని, వరసలో చెప్పేస్తే మీకు తేలిక.

ఆ మర్నాటి నుంచే ప్రశ్నలు. మాల్లో నీళ్ళు కాస్త ఎక్కువైతే ఏటవుద్దండి? మేస్త్రి విననట్టు గోడ మట్టం చూసుకున్నాడు. మధ్యాహ్నం అన్నాల దగ్గర, సిమెంటు మంచి కంపెనీదైతే నీరెక్కువైనా పర్లేదు కదండి? మేస్త్రి ఉల్లిపాయ కొరుక్కున్నాడు. సాయంత్రం కాళ్ళు కడుక్కుంటుంటే, ఎక్కువైన నీరు ఎండకి ఎగిరిపోద్ది కదండి, మరింక నష్టమేటండి? రోజులు గడిచేకొద్దీ ప్రశ్న ఇంకా పెద్ద చొక్కా తొడుక్కుంది.

"కలిపినప్పుడేమో నీరు పొయ్యొద్దంటారు. పోసేకేమో రోజూ తడపమంటారు. ఇంతకీ నీరు మంచిదా చెడ్డదా, ఏదో ఒకటి తేల్చండి గురువుగారూ."

వండేటప్పటి ఎసరు వేరు, తిన్నాక దాహం వేరు కదయ్యా అని నేను చెప్పబోయాను. మేస్త్రి కంటితోనే నన్ను ఆపేశాడు.

"ఒరే తవిటయ్యా, నీ నోట్లో ఒక గమేలా మాలు పోస్తాను. అప్పుడు రెండూ తేలుతాయి" అన్నాడు.

కొన్ని వారాలు పోయాక మూతని నలుగురు తాళ్ళు కట్టి మోసి ట్యాంకు మీద పెట్టారు. పెట్టేటప్పుడు ఒక మూల పెచ్చు ఊడితే తవిటయ్య గబగబా సిమెంటు ముద్దతో పూసేశాడు. ఇంట్లోకి ఇంకా ఎవరూ దిగలేదు కాబట్టి లోపల ట్యాంకు పొడిగానే ఉంది, మనిషి లోతు. పక్కన రెండో మూత ఇంకా వెయ్యలేదు, మనిషి దిగేంత సందు ఉంది. మర్నాడు పొద్దున్నే మేస్త్రి మా కొట్టుకొచ్చి రెండు లావుపాటి సరుగుడు పోట్లు భుజాన పెట్టుకుపోయాడు. ఎందుకని అడిగాను. ఆయన జవాబు చెప్పడని నాకు తెలుసు, అయినా అడిగాను. తవిటయ్య గాలి నాకూ సోకినట్టుంది.

టీ వేళకి నేనూ వెళ్ళాను. ట్యాంకు పెరట్లో మునగచెట్టు కింద. మేస్త్రి మూత మీద అరచెయ్యి పెట్టి ఒకసారి రాశాడు. అరచేతికి బూడిదలా పొడి అంటింది. దాన్ని చూసుకుని, లుంగీకి తుడుచుకుని, టీ గ్లాసు తవిటయ్య చేతిలో పెట్టాడు.

"కూకో."

"పొద్దున్నించీ కడుపులో ఒకలాగుందండి."

"టీ తాగితే తగ్గుద్ది."

"ఇవాళ శనివారం కదండి. శనివారం టీ మానేశానండి."

"శనివారం టీ వద్దన్న దేవుడెవడ్రా?"

"దేవుడు కాదండి, మా ఆవిడ."

మేస్త్రి ఒక్క నిట్టూర్పు విడిచి, గట్టు మీద కూచుని తన టీ తను తాగడం మొదలెట్టాడు. తవిటయ్య గ్లాసు పట్టుకుని మూతకి బారెడు దూరంలో నిలబడ్డాడు. టీ మీద తెట్టె కడుతోంది. నాకైతే ఇద్దరినీ చెరో మొట్టికాయా వెయ్యాలనిపించింది.

అంతలో పక్కనే ఉన్న పాత ఇంట్లోంచి ఇంటాయన తల్లి నరసమ్మ మామ్మగారు చిక్కుడుకాయల చాట ఒక చేత్తో పట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీ ఇంకో చేత్తో ఈడ్చుకుంటూ వచ్చారు.

"ఇంత నీడ పెట్టుకుని ఎవరికోసమర్రా ఖాళీగా ఉంచారు? మీరు కూచోకపోతే మానెయ్యండి, నేను కూచుంటాను" అని కుర్చీ తీసి మూత మీద పెట్టి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని కాలు ముందుకి వేశారు.

తవిటయ్య చేతిలో గ్లాసు జారిపోయింది. ఒక్క అంగలో వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"మామ్మగారూ, దానిమీద కాలెట్టకండి."

"ఏం, ఇంకా ఆరలేదా?"

"ఆరిందండి."

"మరి?"

తవిటయ్య మేస్త్రి వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. "నీళ్ళు ఎక్కువ పోసేశానండి. తరవాత తడపలేదు. మీరు కూకుంటే ఆగదండి" అన్నాడు.

మేస్త్రి ఖాళీ గ్లాసు గట్టు మీద బోర్లించాడు.

"నన్నడిగినదానికి జవాబు ఆవిడకి చెప్పీసావేట్రా" అన్నాడు.

ఆ తరవాత ఎవరూ చెప్పకుండానే తవిటయ్య కుర్చీ తీసి పక్కన పెట్టాడు. కూలీలని పిలిచి మూతని గునపాలతో పక్కకి జరిపించాడు. జరిపాక ట్యాంకులోకి తొంగి చూశాడు. లోపల నిటారుగా, మూతకి సరిగ్గా నడుమ ఆనేలా, రెండు సరుగుడు పోట్లు నిలబెట్టి ఉన్నాయి. మామ్మగారే కాదు, ఆవిడతోపాటు నేనెక్కినా దిగదు. తవిటయ్య తలెత్తి గురువుని చూశాడు. గురువు మునగకాయలు ఎంత పొడుగున్నాయో చూస్తున్నాడు.

సమ్మెట తెచ్చుకుని తవిటయ్యే కొట్టాడు. మొదటి దెబ్బకే మూల రాలి ఊచ బయటపడింది. ముక్కలన్నీ ఎత్తి బయట పోశాక, చెమట తుడుచుకుంటూ మెల్లిగా, "రామభద్రపురం వాళ్ళకి వేరే మేస్త్రిని చూసుకోమని కబురెడతానండి" అన్నాడు.

"ఎందుకు? కొత్త మూత మీద టీ తాగేక వస్తానని కబురెట్టు."

మర్నాడు పొద్దున్నే మళ్ళీ అచ్చు కట్టారు, మళ్ళీ ఊచలు అల్లారు. తడి గోనెలు ముందే తెచ్చి పక్కన పెట్టుకున్నాడు తవిటయ్య. సిమెంటూ ఇసకా కంకరా పొడిగా కలిపి కుప్ప చేసి, నడుమ గుంట తీసి, బకెట్టు ఎత్తాడు. ఎత్తినవాడు ఆగాడు. ఇంత జరిగాక కూడా అడుగుతాడా అనుకున్నాను. అడిగాడు.

"గురువుగారూ, నీళ్ళు ఎంత పొయ్యమంటారు?"

మామ్మగారు పాత ఇంటి గుమ్మంలో కూచుని నిన్నటి చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. మేస్త్రి అటు చూసి, ఇటు బకెట్టు చూసి, విసుగ్గా అన్నాడు.

"మామ్మగారు కూకునేటన్ని."