మూతి విరిగిన కుండ బిళ్ళ

చిల్లర దొరకని ఒకానొక రాజ్యంలో గజవిక్రముడనే రాజు ఉండేవాడు. బంగారు మాడలు తప్ప మరే నాణేలూ కొట్టించేవాడు కాడు. "నా ముఖం రాగి మీదా? ఛీ!" అనేవాడు. ఆయనకేం, ఉప్పు కొనుక్కునేది ఆయనా?

పాపం, జనానికి చిటికెడు ఉప్పు కొనడం కూడా గగనమైంది. అప్పుడు మజ్జిగమ్మే గవరమ్మ సీసంతో బిళ్ళలు పోయించి, వాటి మీద కుండ గుర్తు వేయించింది. బిళ్ళ ఇస్తే లోటాడు మజ్జిగ. ఆమె మాట మీద నమ్మకంతో బజారంతా ఆ బిళ్ళలనే చిల్లరగా వాడుకుంది.

ఇంతలో దొంగ బిళ్ళలు దిగబడ్డాయి. గవరమ్మ కొట్టు ముందు రోజూ తగువులే. సంగతి రాజు చెవిన పడింది.

"నేనుండగా మరొకరు నాణెం వేయడమా! బిళ్ళ చేసినవాళ్ళకీ, చెల్లించినవాళ్ళకీ కుడి బొటనవేలు తీసేయండి! ముందు ఆ గవరమ్మది!"

"వేలు పోతే కవ్వం తాడు ఎట్లా పట్టుకోను? నా పిల్లలేం తింటారు?" అని గవరమ్మ బావురుమంది.

ఆస్థాన విదూషకుడు కొండుభట్టుకి ఆమె మీద జాలేసింది. చేతులు కట్టుకుని, "ప్రభూ, శిక్ష బజారులోనే జరిపిద్దాం. తమరు కాలినడకన వస్తే జనానికి భయమూ, భక్తీ!" అన్నాడు.

పొగడ్త కదా, రాజు ఉబ్బిపోయి మిట్టమధ్యాహ్నం పరివారంతో బయలుదేరాడు. కొట్టు చేరేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది.

"ముందు మజ్జిగ పొయ్యి!" అంటూ మాడ విసిరాడు.

"దీనికి చిల్లర ఊళ్ళోనే లేదు మారాజా!"

"అంతా ఉంచుకో!"

"అమ్మో! లోటాడు మజ్జిగకి మాడ పుచ్చుకున్నానని రెండో వేలూ తీయిస్తారు!"

కొండుభట్టు మెల్లగా రాజు చేతిలో ఒక బిళ్ళ పెట్టాడు. దాహం మీదున్న రాజు ముందూ వెనకా చూడకుండా దాన్ని ఇచ్చేశాడు.

గవరమ్మ తిప్పి చూసింది. "ఇది దొంగ బిళ్ళ మారాజా. నా అచ్చు మొదట్లోనే చిట్లింది. నా కుండకి మూతి విరిగి ఉంటుంది, దీనికి నిక్షేపంలా ఉంది. పోనీయండి, దాహానికి బిళ్ళెందుకు? తాగండి" అని లోటా అందించింది.

"అసలుకంటే దొంగదే ముచ్చటగా ఉంది ప్రభూ! ఇంత నగిషీ తెలిసిన చేతులు తమ టంకశాలలోనే ఉన్నాయి. రాగి కాసులు కొట్టే పని లేక, పాపం, ఊరికే కూర్చోలేకపోయినట్టున్నారు" అన్నాడు కొండుభట్టు.

వెంట వచ్చిన టంకశాల అధికారి "తప్పయిపోయింది ప్రభూ!" అంటూ రాజు కాళ్ళ మీద పడ్డాడు.

"అది సరే ప్రభూ, ఇప్పుడు బిళ్ళ చెల్లించింది తమరు. మరి వేలు?" అని అందుకున్నాడు కొండుభట్టు.

శిక్ష అమలుకి వెంట వచ్చిన తలారి కత్తి పట్టుకుని, రాజు బొటనవేలి వంక బిక్కమొహంతో చూశాడు.

రాజు గతుక్కుమన్నాడు. ఆ తర్వాత మీసాలకి మజ్జిగ కారుతుండగా పగలబడి నవ్వాడు. "గవరమ్మకే కాదు, అందరికీ ఆ వేలి శిక్ష రద్దు! ఈ అధికారిని ఖైదులో వేయండి. ఇక రాగి కాసులు కొట్టండి. నా ముఖం వద్దు, ఆ మూతి విరిగిన కుండే వేయండి! కొండుభట్టూ, ఈ మాడల సంచి నీకు!"

"చిల్లరుంటే ఇప్పించండి ప్రభూ, తమలపాకులు కొనుక్కోవాలి!"

బజారంతా ఘొల్లుమంది. గవరమ్మ మాత్రం "హమ్మయ్య" అని కళ్ళొత్తుకుని, రెండు చేతులా కవ్వం తాడు అందుకుంది.