పూచీ లేని కత్తి

వెనకటికి తుంగవరం అనే చిన్న రాజ్యాన్ని రణధీర భూపతి ఏలేవాడు. ఆయన యుద్ధమంటూ చూసింది లేదు గానీ, పేరుకు తగ్గట్టు కనబడాలని మహా కోరిక. అందుకని కోట ముందు ఆయుధాల అంగడి పెట్టించి, అడిగినవాడికల్లా కత్తి అమ్మమన్నాడు.

ఆయన కొలువులో కొమ్మన అనే చమత్కారి ఉండేవాడు. ఆ వారం అతనికే నవ్వు రాలేదు. మేనకోడలు మాచమ్మ మొగుడి దెబ్బలు పడలేక అతని ఇంటికి వచ్చేసింది. ఆ మొగుడు తిప్పడు ఇదివరకే ఒకడి తల పగలగొట్టి చెరసాల చూసినవాడు. సంతనాడు కత్తి కొని పెళ్లాం అంతు చూస్తానని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. సంత రేపే.

కొమ్మన రాజు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, కత్తి అమ్మేముందు కొనేవాడి పూర్వాపరాలు విచారించాలి. ఎద్దును కొనేటప్పుడే సుడులు చూస్తాం కదా."

రాజు మీసం దువ్వాడు. "అవన్నీ అడగడానికి ఇదేమన్నా పెళ్లిసంబంధమటయ్యా? మంచివాణ్ణి పట్టుకుని నువ్వెవరని అడిగితే అవమానం కాదూ?"

కొలువంతా నవ్వింది. కొమ్మనకు ఇంటికెళ్లి ఆ పిల్ల మొహం ఎలా చూడాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే రాజు నిద్రమత్తులో కళ్లు మూసుకునే క్షవరానికి కూర్చున్నాడు. ఒక చెంప అయ్యాక గొంతు మీద కత్తి ఆనింది. చెయ్యి కొత్తగా తోచి కళ్లు తెరిచాడు. ఎవరో తెలియని మనిషి. పక్కనే కొమ్మన.

"మన వీరన్న ఏడీ?"

"జ్వరమట ప్రభూ. బదులు ఇతను వచ్చాడు."

"ఎవరితను? ఏ ఊరు?"

"అడగలేదు ప్రభూ. చేతిలో కత్తి కనబడింది, రమ్మన్నాను. అవన్నీ అడగడానికి ఇదేమన్నా పెళ్లిసంబంధమా?"

రాజుకు మెడ కదిలించే ధైర్యం లేకపోయింది. "ముందా కత్తి దించమను. ఇతనికి ఎవరు పూచీనో కనుక్కుని అప్పుడు రమ్మను."

కొమ్మన సైగ చేస్తే ఆ మనిషి కత్తి దించి దణ్ణం పెట్టాడు. అతను వీరన్న సొంత తమ్ముడే.

"ఇలా అడిగినందుకు నీకు అవమానమైందా?" అన్నాడు కొమ్మన.

"గొంతు ఏలినవారిదండి. అడక్కపోతేనే తప్పు."

కొమ్మన రాజువైపు తిరిగాడు. "తమ గొంతు దాకా వచ్చేసరికి అడిగారు ప్రభూ. మొగుడు కత్తి కొని చంపుతానంటున్న మా మాచమ్మకూ గొంతుంది." ఆ మాట అంటుంటే అతని కళ్లు చెమర్చాయి.

రాజు సగం గీసిన గడ్డంతోనే లేచి, సొంత ఊరి పెద్దలు పూచీ పడితే తప్ప ఎవరికీ కత్తి అమ్మరాదని చాటింపు వేయించాడు. అప్పుడు అద్దంలో తన అవతారం చూసుకుని నవ్వి, వేలి ఉంగరం తీసి కొమ్మన చేతిలో పెట్టాడు. కొమ్మన దాన్ని కళ్లకద్దుకుని నేరుగా అంగడికి పోయి కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి తిప్పడు రానే వచ్చాడు.

"నీకు పూచీ ఎవరు?" అని అడిగాడు అంగడివాడు.

తిప్పడు వెనక్కి తిరిగి, సంతకు వచ్చిన తన ఊరివాళ్ల వంక చూశాడు. ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఒక్కరూ ముందుకు రాలేదు.