నక్క రాయించిన షరతు

వాగుకి ఇవతల గడ్డిమిట్ట, అవతల రాళ్ళకొండ. ఎగువన మామిడితోపు, దిగువన తుంగమడుగు. మిట్ట మీద పశువులూ కోళ్ళూ, కొండ మీద నక్కలూ తోడేళ్ళూ, తోపులో కోతులూ, మడుగులో బాతులూ కాపురం ఉండేవి. ఎవరి మేత వాళ్ళది, ఎవరి గొడవ వాళ్ళది. నలుగురూ కలిసేది ఒక్క బంతి దగ్గరే.

నాలుగేళ్ళకోసారి పెద్దనది మధ్య లంకలో ఏడడవుల కప్పు జరుగుతుంది. ఆ లంక ఎంతుంటుందని! ప్రతి చోటినించీ ఓ జట్టు దిగిందంటే పాపం ఆ బరువుకి నదిలో కుంగిపోదూ? అందుకని ఏ మూలవాళ్ళు ఆ మూల ముందుగా ఆడుకుని తేల్చుకోవాలి. ఈ మూలనించి నాలుగు జట్లలో ఒక్కటే వెళ్ళాలి. ప్రతి జట్టూ మిగతా మూడింటితోనూ రెండేసిసార్లు ఆడాలి, ఒకసారి తన నేల మీద, ఒకసారి వాళ్ళ నేల మీద. గెలిస్తే మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి, ఓడితే ఏమీ లేదు. ఆఖరికి ఎవరికి ఎక్కువ పాయింట్లుంటే వాళ్ళు పడవెక్కుతారు.

గడ్డిమిట్ట జట్టు ఒక్కసారీ పడవెక్కలేదు. వరసగా అయిదుసార్లు తప్పితే ఆ జట్టుని జాబితాలోంచి కొట్టేస్తారు. ఆ తరవాత మిట్ట మీద పుట్టినవాళ్ళెవరూ సొంత పేరుతో బంతి తన్నడానికి లేదు. నాలుగు తప్పాయి. ఇది అయిదోది.

జట్టు పెద్ద పోలమ్మ గేదె. గోల్ కీపరు కూడా ఆవిడే. పరుగు రాదు గానీ, రెండు వెదురుగడల మధ్యా అడ్డంగా నిలబడిందంటే గాలి కూడా అడిగి వెళ్ళాలి.

కిందటిసారి జరిగింది పోలమ్మకి నిన్న జరిగినట్టుంది. మిట్టకీ కొండకీ పాయింట్లు సమానంగా వచ్చాయి. అప్పటి పద్ధతి ఏమిటంటే, అన్ని ఆటల్లోనూ కొట్టిన గోల్స్‌లోంచి తిన్న గోల్స్ తీసేసి, ఎవరికి ఎక్కువ మిగిలితే వాళ్ళని పంపడం. మిట్టకే ఎక్కువ మిగిలాయి. దూడలు గెంతుతున్నాయి కూడాను. అప్పుడు కొండ జట్టు పెద్ద చిదంబరం నక్క ముందుకొచ్చి, నియమాల పుస్తకం ఉంచుకునే కూర్మయ్య తాబేలు ఎదుట కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఇదేం న్యాయం తాతా! ఇద్దరి మధ్య తగువొస్తే ఆ ఇద్దరి మధ్య ఏం జరిగిందో చూస్తారా, బాతుల్నెంత కొట్టారు, కోతుల్నెంత కొట్టారు అని చూస్తారా? మేం మిట్టని ఓడించాం. వాళ్ళు మమ్మల్ని ఓడించలేదు. ఇంతకన్నా ఏం కావాలి?"

బాతులకి తమ పరువు తియ్యకుండా తేలిపోతే చాలనిపించింది. కోతులకి ఏది కొత్తదైతే అదే ముద్దు. అందరూ తలలూపారు.

"సరే, రాస్తాను," అన్నాడు కూర్మయ్య. "కానీ చిదంబరం, నా పుస్తకంలో ఇవాళ్టికి ఒకటీ రేపటికి ఒకటీ ఉండదు. రాశానంటే ఎప్పటికీ అదే. ముద్ర వెయ్యి."

నక్క కాటుకలో పాదం ముంచి తాటాకు మీద టపీమని వేసి, పడవెక్కి వెళ్ళిపోయింది.

పోలమ్మ మర్నాడు కూర్మయ్య దగ్గరికి వెళ్ళింది. "తాతా, నిన్న రాసింది ఒకసారి చదువు."

చదివాడు.

"ఇంకోసారి."

చదివాడు. మూడోసారి అడిగేసరికి, "నువ్వే నేర్చుకోరాదుటే?" అన్నాడు.

"ఈ వయసులోనా! నా గిట్టకి అక్షరం లొంగుతుందా?"

"వాగులో ఇసకుంది. కాలికి గిట్టుంది. ఇంకేం కావాలి?"

ఆ రోజునించీ మేత అయ్యాక పోలమ్మ ఇసకలో దిద్దడం మొదలెట్టింది. ఆవిడ రాసిన 'అ' మొదట్లో పేడకడిలా ఉండేది. నీటికొచ్చిన నక్క చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. "పోలమ్మత్తా, దాన్ని గట్టు మీద ఎండబెట్టు, పొయ్యిలోకి పనికొస్తుంది!" వాగు పొంగి రాసిందంతా తుడిచేస్తే, నీళ్ళు తియ్యగానే మళ్ళీ రాసింది. రెండేళ్ళు పట్టింది ఆ ఒక్క షరతు తనంతట తను చదవడానికి. చదివిన రోజున ఆవిడ వాగులో మోకాల్లోతున నిలబడి ఎంతసేపో అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ పురుగులు పాకిన గీతలనుకున్నవి, నోరు విప్పి మాట్లాడుతున్నాయే!

ఇక ఈసారి ఆటలు మొదలయ్యాయి. కొండ జట్టు బాతుల్ని ఒకచోట తొమ్మిది, ఒకచోట ఏడు గోల్స్‌తో ముంచేసింది. మిట్ట జట్టుకి అంత హడావుడి లేదు. ఒకటి కొట్టి కాచుకోవడం, రెండు కొట్టి కాచుకోవడం. కొండ మీద ఆడినప్పుడు చెరొక గోలుతో సమానం చేసుకుని వచ్చింది. తోపులో మాత్రం కోతులు చీకి పారేసిన మామిడిటెంకల మీద కాళ్ళు జారి ఓడిపోయింది. అయిదు ఆటలయ్యేసరికి కొండకి పదమూడు పాయింట్లు, మిట్టకి పది. ఆరోది, ఆఖరిది, మిట్ట నేల మీద కొండతోనే.

ఆ పొద్దున నందయ్య ఎద్దు గడ్డి ముట్టలేదు. "అక్కా, గెలిచినా పాయింట్లు సమానమే కదా. వాళ్ళకి గోల్స్ ఇరవై మిగిలున్నాయి. మనకి నాలుగు. ఎక్కడ అందుకుంటాం?"

"అందుకోనక్కర్లేదురా. ఒక్క గోలు తేడాతో గెలువు, చాలు. మిగతాది పుస్తకం చూసుకుంటుంది."

"నిజంగానా?"

"నా కళ్ళతో నేను చదివాను," అంది పోలమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మెడ కొంచెం నిటారుగా లేచింది.

రిఫరీ తెల్లకొంగ ఒంటికాలి మీద నిలబడి ఇద్దరు పెద్దల్నీ పిలిచింది. చిదంబరం తోక దువ్వుకుంటూ వచ్చింది.

"ఏం అత్తా, ఇదే ఆఖరాట అటగా? రేపణ్ణించి మా జట్టుకి మంచినీళ్ళు మోద్దురుగాని, బెంగపడకు."

"అబ్బాయ్ చిదంబరం," అంది పోలమ్మ నెమ్మదిగా, "ఆటకి ముందు పుస్తకం ఒకసారి చూసుకున్నావా?"

"పుస్తకమా!" నక్క కిసుక్కున నవ్వింది. "ఆ పుస్తకంలో సగం నేను రాయించిందే. నాకా చెప్తావు?"

"సరే నాయనా. అడగడం నా వంతు, అడిగాను."

ఆట మొదలైంది. మొదటి సగం తోడేళ్ళు మీద మీదకొచ్చాయి. బంతి పోలమ్మ డొక్కకి తగిలి ఒకసారి, కొమ్ముకి తగిలి ఒకసారి, మూతికి తగిలి ఒకసారి వెనక్కి పోయింది. మూతి వాచింది. మెడ గీరుకుపోయి నెత్తురు చిమ్మింది. "అక్కా, కాస్త కూచో," అన్నాడు నందయ్య. "కూచుంటే గోలు ఖాళీగా ఉంటుంది," అని ఆవిడ కదల్లేదు.

రెండో సగంలో నందయ్య బంతిని తొందర లేకుండా దొర్లించుకుంటూ వెళ్ళి, పక్కకి ఎత్తి వేశాడు. మిట్ట పొట్టేలు ఎగిరి దానికి తలతో ఒక్కటిచ్చింది. బంతి నక్క చెవుల మధ్యనించి గడల్లోకి దూరింది.

మిట్టంతా ఒక్క అరుపు అరిచింది. కానీ కోడిపుంజు రంగడు వేళ్ళు మడిచి లెక్కపెట్టి గొల్లుమన్నాడు. "ఇంకా ఎనిమిది కొట్టాలర్రా! పొద్దు గుంకిపోతోంది! అందరూ ముందుకి పదండి!"

"ఎవరూ ముందుకెళ్ళొద్దు!" పోలమ్మ గొంతు వాగు అవతలికి వినిపించింది. "కొట్టింది నిలబెట్టుకోండి. ఎవరి చోట వాళ్ళు!"

అవతల జగ్గులు తోడేలుకి నోరూరుతోంది. "మావా, అందరం ఎగబడితే ఒకటి కొట్టలేమా? సమానమైతే గొడవే ఉండదు."

"ఎందుకురా ఆయాసం?" అంది చిదంబరం. "ఓడినా పాయింట్లు సమానం. సమానమైతే గోల్స్ చూస్తారు. మనకి కుప్పలున్నాయి. దెబ్బలు తగిలించుకుంటే లంకలో ఎవరాడతారు? కాలక్షేపం చెయ్యండి."

చేశాయి కాలక్షేపం. ఒక నక్క కాలు పట్టుకుని పడుకుంది. ఇంకోటి బంతిని వాగులోకి తన్నింది. బంతి కొట్టుకుపోతుంటే బాతులు తెచ్చి ఇచ్చాయి. మళ్ళీ తన్నింది. పోలమ్మ కళ్ళు నక్క మీదే ఉన్నాయి. నక్కకి ఏ క్షణాన గుర్తొస్తుందో! వస్తే ఈ తోడేళ్ళని ఆపేదెవరు?

ఇక కొంగ ఈల నోట పెట్టుకోబోతుండగా నందయ్య కాలు గుంటలో పడింది. బంతి జగ్గులు కాళ్ళ దగ్గరికి దొర్లింది. ఎదర ఎవరూ లేరు. పోలమ్మ బంతి కోసం ముందుకొచ్చి ఉంది. వెనక గడల మధ్య ఖాళీ. ఆవిడ వెనక్కి తిరిగింది గానీ, ఆ ఒంటికి పరుగెక్కడిది? అయినా పరిగెత్తింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పరిగెత్తింది.

"ఆగరా జగ్గులూ!" వెనకనించి నక్క కేక. "ఆ కొమ్ములకి అడ్డంపడి కాలు విరగ్గొట్టుకుంటావురా వెధవా! వెనక్కి పంపు!"

జగ్గులు ఆగాడు. ఖాళీ గడల వంక చూశాడు, మావ వంక చూశాడు. పెద్దవాడి మాట కాదనలేక బంతిని వెనక్కి తన్నాడు.

కొంగ ఈల వేసింది.

కొండ జట్టు చిదంబరాన్ని వీపు మీదకెత్తుకుని ఊరేగింపు మొదలెట్టింది. మిట్ట కోళ్ళు ఏడుస్తున్నాయి. కూర్మయ్య పుస్తకం వీపున పెట్టుకుని గట్టు మీదనించి బయల్దేరాడు. ఆయన నడక మీకు తెలుసుగా. ఆయన మైదానం మధ్యకి చేరేసరికి నక్కలు మూడు చుట్లు తిరిగి నాలుగో చుట్టులో ఉన్నాయి.

"దింపండి దాన్ని," అన్నాడు కూర్మయ్య. "రెండు జట్లకీ పదమూడేసి పాయింట్లు. సమానం. పోలమ్మా, నా చూపు ఆనడం లేదు, ఈ ఆకు నువ్వు చదివి పెట్టు."

పోలమ్మ వాచిన మూతితో, ఒక్కో అక్షరం మీదా ఆగుతూ, చదివింది. "పాయింట్లు సమానమైతే... మొదట ఆ రెండు జట్లూ... తమలో తాము ఆడిన ఆటలే చూడవలెను. అందులో ఎవరు గెలిస్తే... వారే వెళ్ళవలెను."

కోళ్ళు ఏడుపు ఆపి మెడలు సాచాయి.

"కొండ మీద చెరొక గోలు, సమానం," అన్నాడు కూర్మయ్య. "ఇవాళ మిట్ట గెలిచింది. లంకకి మిట్ట వెళ్తుంది."

"అన్యాయం!" చిదంబరం పళ్ళు నూరింది. "నా గోల్స్ కుప్పలన్నీ ఏమైపోయాయి? ఏ బుద్ధిలేనివాడు రాయించాడు ఈ షరతు?"

కూర్మయ్య ఆకు కింద నల్లటి ముద్ర చూపించాడు. నక్క పాదం పెట్టి చూసుకుంది. నాలుగు వేళ్ళూ సరిగ్గా అతికాయి.

"మావా," అన్నాడు జగ్గులు వెనకనించి, "గడలు ఖాళీగా ఉన్నాయి మావా."

"నోర్ముయ్యరా!"

లంకకి వెళ్ళే జట్టు పేరు పుస్తకంలో ఎక్కించాలి. కూర్మయ్య కొత్త తాటాకు తీసి పోలమ్మ ముందు పెట్టాడు. ఆవిడ గిట్ట కాటుకలో ముంచి, నాలుక బయటపెట్టి, గడ్డిమిట్ట అని రాసింది. అక్షరాలు పెద్దవై ఆకు అంచు దాటిపోయాయి. ఒత్తులు రెండూ ఆకు కింద నేల మీద పడ్డాయి.

"పరవాలేదు," అన్నాడు కూర్మయ్య. "చదవడానికొస్తోంది."

గెలిచిన రోజున రాయించుకున్న మాటని మర్చిపోయినవాడు, దాన్ని గుర్తుపెట్టుకున్నవాడి చేతిలోనే ఓడిపోతాడు.