ఫ్యూజు బదులు రాగితీగ

మా గురువుగారు నాగలింగం గారికి శాస్త్రాలు రావు. ఆయనకు వచ్చిందల్లా కార్ల వైరింగు. ఈ ఆశ్రమానికి రాకముందు రాజమండ్రిలో ముప్పై ఏళ్లు అదే పని చేశారు. అందుకని పండితులెవరూ మా గుమ్మం తొక్కరు. దెబ్బతిన్నవాళ్లే వస్తారు.

అలా వచ్చినవాడే పేర్రాజు. కూతురు పోయి ఏడాది. ఆ పిల్ల చెప్పుల్ని కూడా విడిచినచోటి నుంచి కదపనివ్వడు. ఒకరోజు పొద్దున్నే వచ్చి కూలబడ్డాడు.

"కొత్త నీరొస్తే పాత నీరు కొట్టుకుపోతుందంటారందరూ. నాకు పాత నీరే కావాలి గురువుగారూ. నా పిల్లది ఏదీ పోకుండా, ఈ బాధొక్కటే పోయే దారి లేదా?"

గురువుగారికి వాదించడం చేతకాదు. జరిగిందొకటి చెప్పారు.

అప్పలాచార్యులు గారని ఒక లెక్కల మాస్టారు, అరవై ఏళ్ల నాటి కారు తెచ్చారట. లోపలివన్నీ గుడ్డ చుట్టిన వైర్లు, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయి. దానికి కొత్త స్టీరియో బిగించమన్నారు. చనిపోయిన భార్య ఫోన్లో పంపిన మాటలు ఒక్క పెన్‌డ్రైవ్‌లోనే మిగిలాయి. ఆవిడ కూర్చునే సీటు పక్కనే కూర్చుని అవి వినాలని ఆయన కోరిక. ముందు వైర్లన్నీ మార్చాలన్నారు గురువుగారు. ఆవిడ ఉన్నప్పటిది ఒక్క స్క్రూ కూడా మార్చడానికి వీల్లేదన్నారు మాస్టారు. సరేనని పాత వైరుకే కలిపితే, స్టీరియో పెట్టగానే ఫ్యూజు పోయింది. ఇంకోటి వేస్తే అదీ పోయింది.

"బండి కాలకూడదనే ఫ్యూజు కాలుతోందండీ. వదిలెయ్యండి," అన్నారట గురువుగారు.

మాస్టారు కాళ్లు పట్టుకోబోయారు. అంత పెద్దాయన! గురువుగారి మనసు కరిగింది. చెయ్యకూడదని తెలిసీ, ఫ్యూజు బదులు రాగితీగ చుట్టారు.

గొంతు వచ్చింది. "ఏవండీ, ఎక్కడున్నారు? అన్నం చల్లారిపోతోంది."

వెంటనే డాష్‌బోర్డు కింద పొగ, ఆ వెనకే మంట. దిగమని ఎంత అరిచినా మాస్టారు దిగలేదు. "ఉండవయ్యా, ఇంకా ఏదో చెబుతోంది," అన్నారు. ఆయన్ని బయటికి లాగేసరికి ఇద్దరి చేతులూ కాలాయి. బండి మిగల్లేదు, గొంతూ మిగల్లేదు.

పేర్రాజు వెక్కివెక్కి ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని అడిగాడు.

"అయితే వైర్లు మార్చుకోమంటారా?"

"మారిస్తే అది మా ఆవిడ కూర్చున్న బండేనా అని మాస్టారు ఆస్పత్రిలో నన్నడిగారు," అన్నారు గురువుగారు. "జవాబు చెప్పలేక ఆ రోజే షాపు మూసేశాను నాయనా."