నూకాలమ్మ కాటుక మబ్బుల్ని తాగిందా?

అనగనగా ఒక ఊళ్ళో, ఒకరినొకరు ఓరగా చూసుకునే జనం మధ్య, నూకాలమ్మ అని ఒకావిడ ఉండేది. కళ్ళు మూశావు గానీ నువ్వు నిద్రపోలేదని నాకు తెలుసులే అమ్మలూ, విను.

నూకాలమ్మ ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించేది. దానికి అంటిన మసి గీకి, ఆముదంతో నూరి కాటుక చేసేది. ఊళ్ళో ఏ పసిబిడ్డకైనా మొదటి చుక్క ఆవిడ బరిణెలోదే. పాపం, ఒంటరి మనిషి. ఆ బరిణే ఆవిడకి కూడూ గుడ్డా.

ఒక ఏడాది ఆరేసిన బట్టల మీద నల్లటి నలక పడింది. ఆ తర్వాత వడియాల మీద పడింది. ఆ తర్వాత మబ్బులు వచ్చినట్టే వచ్చి, ఊరి మీద ఆరిపోవడం మొదలుపెట్టాయి. నారుమళ్ళు ఎండిపోయాయి.

అప్పుడు అందరికీ ఏటి అవతలి ఇటుక బట్టీ మీద అనుమానం వచ్చింది. బట్టీ యజమాని సన్యాసయ్య తన పొగగొట్టంలోంచి గుప్పెడు మసి తెచ్చి చూపించాడు. అది దూదిలా పొడిగా, తేలిగ్గా ఉంది. ఊళ్ళో పడ్డదేమో గుండ్రంగా, జిడ్డుగా ఉంది.

"సూసుకోండి, ఇది నా మసి కాదు. జిడ్డు మసి ఎవరింట ఉంటాదో మీకే తెలుసు" అన్నాడు.

ఇంకేముంది, మూడు వేళ్ళు నూకాలమ్మ గుడిసె వైపు లేచాయి. ఒకటి మునసబుది, ఒకటి నారు పోసిన రైతుది. మూడోది, రోజూ ఆవిడ కాటుకే బిడ్డకి పెడుతున్న బాలింతది. అమావాస్యలోగా ఊరు వదిలి పొమ్మన్నారు.

నూకాలమ్మ ఏడవలేదు. ఆవిడకీ ఒక అనుమానం వచ్చింది. తన దీపం మసి కూడా నూనె తగలకముందు దూదిలాగే ఉంటుంది కదా!

అప్పుడు సన్యాసయ్య తెచ్చి చూపించిన మసిని పలచటి గుడ్డలో వేసి, ఆముదం కాచే కుండ ఆవిరికి పట్టింది. పొద్దెక్కేసరికి అది ముడుచుకుని గుండ్రటి జిడ్డు నలకలైంది. అచ్చం ఊళ్ళో పడ్డదే. బట్టీ మసి ఏటి తేమలోంచి, పొగ జిడ్డులోంచి వచ్చేసరికి దారిలో ఇలాగే రూపు మార్చుకుంటోందని ఊరివాళ్ళని పిలిచి చూపించింది.

ఆ తర్వాత మూడు వెన్నముద్దలు ఎండలో పెట్టింది. ఒకటి ఉత్తది, ఒకదాని మీద దూది మసి, ఒకదాని మీద గుండ్రటి మసి. గుండ్రటి మసి వేసిందే ముందు కరిగింది. అది ఎండని ఎక్కువ తాగుతుందన్నమాట. గాలిలో తేలుతూ కూడా అదే పని చేస్తోంది. గాలి వేడెక్కి మబ్బు ఆరిపోతోంది.

ఊరంతా వెళ్ళి బట్టీ ఆర్పించారు. కొన్నాళ్ళకి మబ్బు నిలిచి వాన కురిసింది.

అప్పుడు ఆ బాలింత బిడ్డనెత్తుకుని వచ్చి, తల దించుకుని గుమ్మంలో నిలబడింది. నూకాలమ్మ బరిణె తీసి, గుడిసె వైపు చూపించిన ఆ వేలి కొసనే ఒక చుక్క పెట్టింది.

"ముందు ఈ యేలికెట్టాలమ్మా. బిడ్డకి తరవాత" అంది.

ఆ బాలింత మా అమ్మమ్మే. చంకలో బిడ్డ మా అమ్మ. నీకు కాటుక పెట్టేముందు నా చూపుడువేలికి ఒక చుక్క ఎందుకు పెట్టుకుంటానని రోజూ అనుమానంగా అడుగుతావుగా, అందుకే. ఆ సిగ్గు మనింట్లో ఇంకా పోలేదు.

కథ పోయె కంచికి,
కాటుక పోయె కంటికి,
అనుమానం పోయె ఏటికి,
అమ్మలు పోయె నిద్రకి.